శాలువాలు చాలు, పోస్టు నింపండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

తిరుపతి జిల్లాలో, శ్రీకాళహస్తికి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక మండలం నుంచి, 31 ఏళ్లు బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేసి ఇంటిపట్టున ఉన్న ఒక సామాన్యుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

ఇది తమ శాఖకు నేను రాస్తున్న ఏడో అర్జీ. ముందరి ఆరింటిలో నాలుగు సోమవారం అర్జీల రోజున వరుసలో నిలబడి చేతికిచ్చినవి, రెండు ఎకనాలెడ్జ్‌మెంటు కార్డు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపినవి. ఉత్తరం చేరిందా లేదా అని చూసుకోవడం నా పాత వృత్తి కాబట్టి రసీదులన్నీ భద్రంగా దాచుకున్నాను. ఆరూ చేరాయి. చేరడం వరకే జరిగింది. మూసిన కవరులో పంపిన ఉత్తరం ఎవరి బల్ల మీద ఆగిందో బయటివారికి తెలిసే దారి లేదు. పాత రోజుల్లో పోస్టు కార్డు రాస్తే దారిలో నలుగురూ చదివేవారు, దాని వల్ల ఒక్కోసారి పని కూడా జరిగేది. అందుకని ఈ ఏడోదాన్ని పోస్టు కార్డులాగే, ఎవరైనా చదవవచ్చునన్న ఉద్దేశంతోనే బహిరంగంగా రాస్తున్నాను.

విషయం తమ శాఖకు తెలియనిది కాదు. మా మండల కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి పరీక్షలు చేసే ఆఫ్తాల్మిక్ ఆఫీసరు పోస్టు 2019 మే 31 సాయంత్రం ఐదు గంటలకు ఖాళీ అయింది. గంటతో సహా ఎందుకు గుర్తుందంటే, ఆ రోజు వీడ్కోలు సభలో పూలదండ పట్టుకొని నిలబడినవారిలో నేనూ ఒకణ్ణి. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఆ కుర్చీలో ప్రభుత్వం జీతమిచ్చి కూర్చోబెట్టిన మనిషి ఒక్కరూ లేరు. ఆ రోజు పదవీ విరమణ చేసిన వ్యక్తిని తమ కాగితాలు పారామెడికల్ ఆఫ్తాల్మిక్ ఆఫీసరు అంటాయి, చదువుకున్న పిల్లలు ఆప్టోమెట్రిస్టు అంటారు, మా పల్లెల్లో మాత్రం ఆయన కండ్లద్దాల సారు. ఈ లేఖలో పేరు రాస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. “పోస్టుమాస్టరుగారూ, నా పేరు రాస్తే ఇంకొక శాలువా కప్పుతారు గానీ పోస్టు నింపరు” అన్నారు. ఆ మాట నిజం. ఆయనకు ఇప్పటికి తొమ్మిది శాలువాలు కప్పారు. అందులో రెండు తమ శాఖ వారు కప్పినవే.

ఆ శాలువాల్లో ఒకటి ఎక్కడుందో తమరు చూడాలి. ఆసుపత్రిలో కంటి గది కిటికీకి తెర లేదు. కంటిలోకి సన్నని వెలుతురు గీతను పంపి, పాపలో కదిలే నీడను బట్టి ఎంత పవరు కావాలో తేల్చే రెటినోస్కోపీ అనే పరీక్షకు గది చీకటిగా ఉండాలి. మాట రాని బిడ్డకైనా, చదువు రాని ముసలమ్మకైనా, ఒక్క ప్రశ్న అడగకుండా నంబరు తేల్చే పరీక్ష అది. తెర కోసం రెండుసార్లు ఇండెంటు పెట్టారు. రాలేదు. ఒక సభలో కప్పిన ముదురు నీలం శాలువాను ఇంటికి తీసుకెళ్లకుండా నాలుగు మేకులు కొట్టి కిటికీకి బిగించారు. జరీ అంచు బయటి వైపుకు ఉంటుంది. దారిన పోయేవారు ఆసుపత్రిలో ఏదో పెళ్లి జరుగుతోందనుకుంటారు.

ఆ గది పొడవు మూడు మీటర్లకు మించదు. అక్షరాల చార్టును ఆరు మీటర్ల దూరం నుంచి చదివించాలన్నది లెక్క. ఆయన ఎదురుగోడకు పాత మంగలిషాపు అద్దం ఒకటి తగిలించి, రోగి తల వెనుక తిరగేసిన అక్షరాల చార్టు పెట్టి, అద్దంలో చదివించి దూరాన్ని రెట్టింపు చేసుకున్నారు. ఆ అద్దం సొంత డబ్బుతో కొన్నది. మా మండలంలో కంటి పరీక్ష చేయించుకున్న వాళ్లంతా ఆ అద్దంలో ముందు తమ ముఖం చూసుకొని, తరువాతనే అక్షరాలు చూసినవారు.

ఆయన ఉద్యోగంలో చేరింది 1985లో. మొదటి కొలువు కుప్పం వైపు. అంధత్వ నివారణకు కేంద్రం 1976లోనే జాతీయ కార్యక్రమం ప్రారంభించినా, ఆ రోజుల్లో పల్లెల్లో శుక్లాల ఆపరేషను అంటే బడి గదుల్లో బెంచీలు కలిపి వేసి నడిపే శిబిరాలే. ముదిరిన శుక్లాన్ని తీసేసి, దాని స్థానంలో కంటిలో ఏమీ పెట్టకుండా, సుమారు ప్లస్ 10 పవరున్న సోడాబుడ్డి అద్దాలు చేతికిచ్చేవారు. ఆ అద్దాలతో మనుషులు అసలు పరిమాణం కంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తారు. మెట్టు ఎక్కడుందో తెలియదు. పక్కనుంచి వచ్చే ఎద్దు ఉన్నట్టుండి ముందు ప్రత్యక్షమవుతుంది. వాటిని పెట్టుకొని నడవడం నేర్పడానికే ఆయన ఇల్లిల్లూ తిరిగేవారట. 1994 నుంచి 2002 వరకు ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో నడిచిన శుక్లాల నివారణ పథకంలో మన రాష్ట్రం కూడా ఉంది. ఆ కాలంలోనే శిబిరాల ఆపరేషన్లు తగ్గి, రోగులను బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లడం, కంటి లోపలే కటకం అమర్చడం మా వైపు అలవాటుకు వచ్చాయి. బస్సు ఏర్పాటు చేసింది ఎవరో పెద్దలు. ఆ బస్సులో కూర్చొని, వాంతులు చేసుకునే ముసలివాళ్లకు నిమ్మకాయ ఇచ్చి, రాత్రి వార్డు వరండాలో పడుకొని, మూడో రోజు గంటలు కట్టిన ఎద్దుల్లా సందడి చేస్తూ తిరిగివచ్చే ఆ గుంపును ఎవరి ఊరిలో వారిని దింపింది ఆయన.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నాకు 43 ఏళ్లప్పుడు ఒక సేవింగ్సు పాసుబుక్కులో 1,300ను 1,800గా చదివి చెల్లించాను. 500 రూపాయలు నా జేబు నుంచి కట్టుకొని, పై నుంచి ఒక మెమో కూడా అందుకున్నాను. నాకు కళ్లు పోతున్నాయని, ఉద్యోగం కూడా పోతుందని బెంగపడి ఎవరికీ చెప్పకుండా నెల రోజులు లాంతరు వెలుగులో రాసేవాణ్ణి. ఆయన నా చేతికి చిన్న రంధ్రమున్న రేకు ఒకటి ఇచ్చి, దాని గుండా చూసి చదవమన్నారు. అక్షరాలు నిలబడ్డాయి. రంధ్రం గుండా చూస్తే చూపు మెరుగుపడితే అద్దాలతో సరిపోయే లోపమనీ, మెరుగుపడకపోతే కంటి లోపల వేరే జబ్బు వెతకాలనీ అప్పుడే నాకు తెలిసింది. “చత్వారం అంటే ఏమిటనుకున్నారు? చత్వారింశత్ అంటే నలభై. నలభై దాటినవాడికి వచ్చేది గనుక ఆ పేరు. మీకు మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది, సంతోషించండి” అని నవ్వారు. నా ఉద్యోగం ఆ రేకు ముక్క నిలబెట్టింది.

మా పక్క ఊళ్లో కలంకారీ గీసే ఒక ఆడమనిషి ఉంది. శ్రీకాళహస్తి కలంకారీని ఢిల్లీలో ప్రదర్శించి చప్పట్లు కొట్టించుకునే ప్రభుత్వాలకు ఆ పని ఎలా జరుగుతుందో తెలిసే ఉంటుంది గాని, ఒక్క మాట చెప్పనివ్వండి. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద, వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ, బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టి తీసిన నల్లని కసిమితో గీత గీస్తారు. ఆ గీతను చెరపడానికి లేదు. తప్పు పడితే బట్ట పోయినట్టే. ఆమె నలభై ఆరేళ్లకే బొమ్మలకు కళ్లు గీయడం మానేసింది. “దేవుడికి కండ్లు పెట్టేది మా బిడ్డకు ఇచ్చేసినాన్నా, నాకు గీత నిలవడంలే” అని చెప్పింది. సంతలో కొన్న అద్దాలు ఆమె దగ్గర అప్పటికే రెండు జతలున్నాయి. అవి పెట్టుకుంటే తల నొప్పి అన్నది. కండ్లద్దాల సారు ఆమెను చార్టు చదవమనలేదు. ఆమె ఇంటికి వెళ్లి, పనికి కూర్చున్నట్టే కూర్చోమని, కంటికీ బట్టకూ మధ్య దూరాన్ని టేపుతో కొలిచారు. పుస్తకం చదివేవారు సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటారు. ఆమె బట్ట 60కి పైగా దూరంలో ఉంది. సంతలో ఇచ్చింది పుస్తకానికి సరిపోయే పవరు, బట్టకు కాదు. అర పాయింటు పైచిలుకు తగ్గించి ఇచ్చారు. అంతే. ఆ సాయంత్రం ఆమె చేసిన మొదటి పని, బిడ్డ గీసిన అమ్మవారి కళ్లను చూసి “ఎడమది వంకర పోయిందే” అని తప్పు పట్టడం.

ఇదంతా తమ సమయం వృథా చేయడానికి రాయలేదు. ఆప్టోమెట్రిస్టు అంటే కంప్యూటరు మిషను ముందు గడ్డం పెట్టించి చీటీ ఇచ్చే మనిషి అని, ఆ పనికి ఎవరిని పంపినా ఒకటేనని, నెలకొకసారి సంచార వాహనం వచ్చిపోతే చాలునని తమ కార్యాలయంలో ఒకరు నాతో అన్నారు కాబట్టి రాశాను. కేంద్ర ప్రభుత్వం 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం ప్రత్యేక చట్టం చేసి, అందులో ఆప్టోమెట్రిస్టును కూడా చేర్చింది. చట్టం గుర్తించిన మనిషిని మా మండలం ఎప్పుడు గుర్తిస్తుందా అని మేము ఎదురుచూడడం లేదు. మా మండలం ఎప్పుడో గుర్తించింది. గుర్తించవలసింది జీతాల బిల్లు.

పదవీ విరమణ తరువాత ఆయన తిరుపతిలో కొడుకు ఇంటికి వెళ్లిపోయారు. నాలుగు నెలలు గడిచాయో లేదో, 2019 అక్టోబరు 10న ప్రపంచ దృష్టి దినోత్సవం నాడు రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ మొదలైంది. బడిపిల్లలందరికీ పరీక్షలన్నారు. ఉన్న సిబ్బంది చాలలేదు. రిటైరైన ఆయనకు ఫోను వచ్చింది. ఆయన వెళ్లారు. మూడు వారాలు బడుల వెంట తిరిగారు. భోజన ఖర్చులు ఇస్తామన్నారు, ఆ బిల్లు ఇంకా పరిశీలనలో ఉంది. ఆ పిల్లల్లో నంబరు తేలిన వారికి అద్దాలు రావడంలో జరిగిన జాప్యం గురించి నా రెండో అర్జీలో వివరంగా రాశాను, ఇక్కడ ఒక్కటి మాత్రం చెబుతాను. ఏడో తరగతి చదివే ఒక పిల్లకు మైనస్ 3.50 తేలింది. అంటే చేయి చాచినంత దూరం కూడా ఆ బిడ్డకు స్పష్టంగా లేదు. నల్లబల్ల మీద పాఠమంతా పక్కపిల్ల నోటుబుక్కు చూసి రాసుకునేది, టీచర్లు కాపీ కొడుతోందని కొట్టేవారు. ఆమె అద్దాలు పదకొండు నెలలకు వచ్చాయి. అప్పటికి కరోనా వచ్చి బడి మూసేశారు, ఆ పిల్ల ముఖం పెరిగి ఫ్రేము కణతలకు గుచ్చుకుంది, నంబరూ మారిపోయింది. ఎదిగే వయసులో నంబరు ఏడాదికొకసారి చూడాలని, ఏడెనిమిదేళ్ల లోపు మెల్లకన్నునో, చూపు సరిగా ఎదగని సోమరికన్నునో కనిపెట్టకపోతే తరువాత బాగుచేయడం చాలా కష్టమని చెప్పడానికి ఆ రోజు ఆసుపత్రిలో ఎవరున్నారు? తాళం ఉంది.

ఆ తాళం చూసి తట్టుకోలేకనే ఆయన వెనక్కి వచ్చారు. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, తిరుపతి నుంచి మొదటి బస్సుకు వస్తారు. డాక్టరమ్మ నోటిమాటగా ఒప్పుకున్నారు, కాగితం ఏమీ లేదు. తన పింఛను డబ్బుతో రెడీమేడు దగ్గరచూపు అద్దాలు హోల్‌సేలులో తెచ్చి, ఉన్నవారి దగ్గర కొన్నంతకే ఇచ్చి, లేనివారికి ఊరికే ఇస్తారు. రెండో ఆదివారం స్వర్ణముఖి ఒడ్డున యానాదుల కాలనీకి వెళ్లి, అక్షరాలు రాని పిల్లలకు ఇంగ్లీషు ‘E’ అక్షరం ఆకారం ఉన్న అట్ట తిప్పి చూపించి, కొమ్ములు ఎటున్నాయో వేళ్లతో చూపించమంటారు. ఆ పిల్లలు దాన్ని ఆటగా మార్చుకున్నారు. ఆయన కనబడగానే దూరం నుంచే మూడు వేళ్లు చూపిస్తారు.

ఇక అసలు సంగతి. పోస్టు నింపమని నేను, 214 మంది సంతకాలతో, నా నాలుగో అర్జీ ఇచ్చాను. అందులో వేలిముద్రలు 60కి పైగా ఉన్నాయి. ఇరవై ఆరు రోజులకు నా ఫోనుకు సందేశం వచ్చింది. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: “సదరు ఆసుపత్రి యందు వారమునకు రెండు దినములు నేత్ర పరీక్షలు జరుగుచున్నవి. కావున అర్జీదారుని సమస్య పరిష్కరించబడినది.”

మంత్రివర్యా, ఈ రెండు వాక్యాలను మరొకసారి చదవమని వేడుకుంటున్నాను. ప్రభుత్వం మనిషిని ఇవ్వలేదు కాబట్టి ఒక ముసలాయన జీతం లేకుండా వచ్చి కూర్చుంటే, ఆయన కూర్చున్నాడు కాబట్టి మనిషి అక్కరలేదని ప్రభుత్వం తీర్మానించింది. ఎవరి చాకిరీ చూసి మేము అర్జీ పెట్టామో, ఆ చాకిరీనే మా అర్జీకి జవాబుగా పంపారు. తమ శాఖలో ఈ జవాబు రాసినవారి తెలివికి నేను చేతులెత్తి మొక్కుతున్నాను. పోస్టాఫీసులో ఇలాంటి ఉపాయం ఉంటుందని తెలిసుంటే నేను కూడా ఉత్తరాలు పంచకుండా, “ఊరివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకొనుచున్నారు, కావున బట్వాడా పూర్తయినది” అని రాసి ఉందును.

సందేశం ఆయనకు చూపించాను. చూపించకుండా ఉండవలసింది. చదివి, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, చాలాసేపు ఏమీ అనలేదు. మరుసటి మంగళవారం రాలేదు. ఫోను చేస్తే, “నేను రావడం మానేస్తేనే మీకు పోస్టు వచ్చేటట్టుంది, అడ్డంగా నేనెందుకు?” అన్నారు. జీతం లేని మనిషి సమ్మె చేస్తే నోటీసు ఎవరికి ఇవ్వాలో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. రెండు వారాలు ఆ గది తెరుచుకోలేదు. నాలుగు పూటలు. నేను ఆ నాలుగు పూటలూ వరండాలో కూర్చున్నాను, ఎంతమంది వచ్చి వెళ్లారో రాసి తమకు పంపుదామని. మొదటి రోజు 17 మంది. మూడో పూట ఒక ముసలమ్మ, మనవడి భుజం పట్టుకొని మూడు కిలోమీటర్లు నడిచి వచ్చింది. కన్ను ఎర్రబడి, నొప్పితో తల బాదుకుంటోంది. “ఏం సామీ, కండ్లాయన ఈపొద్దు కూడా రాడా?” అంది. ఆమె కొంగుకు రక్తం లేదు, జ్వరం లేదు, కాబట్టి అవుట్‌పేషెంటు చీటీ మీద కండ్లచుక్కల మందు రాసిచ్చారు. నేను భయపడి ఆయనకు ఫోను చేసి లక్షణాలు చెప్పాను. దీపం చుట్టూ రంగురంగుల వలయాలు కనిపిస్తున్నాయేమో అడగమన్నారు. అడిగాను. కనిపిస్తున్నాయంది. “నీటికాసులు అయ్యుంటుంది, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు, ఒక్క పూట కూడా ఆపొద్దు, ఇప్పుడే తిరుపతికి పంపించండి” అన్నారు. ఆటోకు నేను, నర్సమ్మ తలా కొంత వేసుకొని పంపాము. పెద్దాసుపత్రి వారు ఒత్తిడి దించి కన్ను నిలబెట్టారు, పుణ్యాత్ములు. ఆ తరువాతి మంగళవారం మొదటి బస్సులో ఆయన దిగారు. సమ్మె ముగిసింది. డిమాండ్లు ఏవీ నెరవేరలేదు.

ఆ రెండు వారాల లెక్కతో పంపినదే నా ఐదో అర్జీ. దానికి జవాబుగా, సదరు ఆసుపత్రిలో నేత్ర పరీక్షలు పునఃప్రారంభమైనవి అని సందేశం వచ్చింది.

తిరుపతిలో పెద్ద కంటి ఆసుపత్రులు ఉన్నాయి కదా అని తమరు అనవచ్చు. ఉన్నాయి, మంచివి. ఆపరేషను అవసరమైనవారికి అవి దేవాలయాలే. కాని తనకు ఆపరేషను అవసరమని ఆ ముసలమ్మకు చెప్పేది ఎవరు? చూపు మందగిస్తే వయసు మీద పడిందనుకుంటుంది, పొర కమ్మితే ఖర్మ అనుకుంటుంది, చక్కెర జబ్బు కంటి వెనుక నరాలను తినేస్తున్నా చివరి రోజు వరకు బాగానే కనిపిస్తుంది కాబట్టి ఏమీ అనుకోదు. అలాంటి మనిషికి మొదటి గడప దగ్గర ఉండాలి. ప్రతి 50,000 జనాభాకు ఒక దృష్టి కేంద్రం ఉండాలని మన దేశం ‘విజన్ 2020’ లక్ష్యాల్లో రాసుకుంది. (ఆ పేరుతో మన రాష్ట్రంలో మరొక పత్రం కూడా ఉండేది, నేను చెబుతున్నది 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇతర సంస్థలు కలిసి మొదలుపెట్టిన చూపు సంగతి.) 2020 వచ్చింది, వెళ్లింది. ఇప్పుడు 2047 అంటున్నారు. నాకు అంత ఓపిక లేదు, కండ్లద్దాల సారుకు అంతకంటే లేదు. మా ఊరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం గోడ మీద 12 రకాల సేవలు రాసి ఉన్నాయి, అందులో కంటి సంరక్షణ ఒకటి. మంచి రంగుతో, జానెడు అక్షరాలతో రాశారు. శుక్లాలు ముదిరినవారు కూడా చదవగలరు.

పింఛను విషయం కూడా చెప్పి తీరాలి. వేలిముద్రలు అరిగిపోయిన అవ్వాతాతలకు కంటిపాపను మిషనులో చూసి పింఛను ఇస్తున్నారు. ఒకటో తేదీనే ఇంటికి వచ్చి 4,000 రూపాయలు చేతిలో పెడుతున్నందుకు ప్రభుత్వానికి మా ఊరి తరఫున దండాలు. ఒకే ఒక్క సందేహం. కంటిపాపను చూసి మనిషి బతికి ఉన్నాడని నిర్ధారించుకునే ప్రభుత్వం, ఆ కంటికి ఏమైనా కనిపిస్తోందా లేదా అన్నది మాత్రం ఎందుకు నిర్ధారించుకోదు? చేతిలో పెట్టిన నోట్లు ఎన్నో తడిమి చూసుకొని, మనవరాలిని పిలిచి లెక్కపెట్టించుకునేవారు ఒక్క మా వీధిలోనే ఐదుగురు ఉన్నారు.

అయ్యా, నేను అడుగుతున్నది కొత్తదేమీ కాదు. మంజూరైన పోస్టు. బడ్జెట్టులో ఉన్న పోస్టు. జిల్లాలు విడిపోయినప్పుడు ఫైలు పాత జిల్లాలో ఉండిపోయిందని ఒకచోట, కొత్త జిల్లాకు ఎప్పుడో పంపామని మరొకచోట చెప్పారు. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయింది. ఖాళీ అంతకు దాదాపు మూడేళ్ల ముందుది. ఆ మూడేళ్లు ఫైలు ఎక్కడుందో కూడా ఎవరైనా చెబితే సంతోషిస్తాను. కాంట్రాక్టు పద్ధతిలో వేసినా సరే, వారానికి మూడు రోజులు డిప్యుటేషను మీద పంపినా సరే, చదువు ముగించి ఉద్యోగం లేక చెన్నైలోనో బెంగళూరులోనో అద్దాల షాపుల్లో నిలబడి ఫ్రేములు అమ్ముతున్న మా జిల్లా పిల్లల్లో ఒకరిని వేసినా సరే. వేయండి. అదొక్కటే. వేస్తే పని నేర్పడానికి ఆయన ఉన్నారు. రెటినోస్కోపు పట్టుకునే చేయి ఇప్పుడే కొంచెం వణుకుతోంది, రెండేళ్ల తరువాత నేర్పమన్నా నేర్పలేరు. పోస్టు నింపడంతో పాటు, ఆ కిటికీకి ఒక నల్లతెర ఇప్పించమని కూడా ప్రార్థన. తెర ఖర్చు ఎక్కువనుకుంటే నేనే కొనిస్తాను, కాని దాన్ని తగిలించిన తరువాత “సమస్య పరిష్కరించబడినది” అని సందేశం పంపబోమని ముందుగా హామీ ఇవ్వాలి.

పోయిన సంవత్సరం ఒక సభలో తమ శాఖ పెద్దలొకరు ఆయనకు శాలువా కప్పి, మైకులో “ఇలాంటివారు మండలానికొకరుంటే ప్రభుత్వంతో పని లేదు” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ మాట పొగడ్తగా అన్నారో, పథకంగా అన్నారో నాకు ఇప్పటికీ తేలలేదు. అదే వేదిక మీద నెల రోజుల్లో పోస్టు భర్తీ చేస్తామన్న మాట కూడా వచ్చింది. అది పద్నాలుగు నెలల కిందటి నెల రోజులు.

కటువుగా రాసి ఉంటే మన్నించాలి. నా వయసు 71, చూపు బాగానే ఉంది, ఆయన చలవ. తమరు తిరుమల దర్శనానికి తరచుగా వస్తుంటారని పత్రికల్లో చూస్తుంటాను. కొండ దిగిన తరువాత ఒక గంటన్నర మా కోసం కేటాయించమని వేడుకుంటున్నాను. ముందుగా తెలియజేయవద్దు, తెలియజేస్తే గోడలకు సున్నం కొట్టి, శాలువా పీకేసి, అద్దె తెర ఒకటి తెచ్చి కట్టేస్తారు. ఆయన మంగళవారం, శుక్రవారం ఉదయం తొమ్మిదికల్లా ఉంటారు. మిగతా రోజుల్లో వస్తే తాళంచెవి నర్సమ్మ దగ్గర, మందుల గదిలో ఎడమ వైపు మేకుకు ఉంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టరు,
తిరుపతి జిల్లా.

జత: ఆరు అర్జీల రసీదులు, రెండు సందేశాల నకళ్లు, 214 సంతకాలు. సంతకాలు చేసినవారిలో పదకొండు మంది ఈ మధ్యకాలంలో కాలం చేశారు. వారి పేర్ల మీద గీత కొట్టలేదు.